ద్రాక్షారసం అని రాశాను

తీగకు గుత్తిని, గుత్తికి తీపిని ఇచ్చిన తండ్రికి స్తోత్రం. పాడైపోయిన మనిషిని నాగావళి నీళ్ళలో ముంచి మళ్ళీ నిలబెట్టినవాడికి స్తోత్రం. నా నోటికి మాట ఇచ్చింది ఆయనే. ఆ మాటను నేను తీసుకెళ్ళి ఎక్కడ పెట్టానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ముందు ఆయనకు మహిమ కలుగును గాక. తర్వాత నా తప్పు వినండి.

మేము విజయనగరంలో ఉంటాం. మాది బాప్టిస్టు మిషను సంఘం, మా అమ్మమ్మ కాలం నుంచీ. ప్రతి నెలా మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల ఉంటుంది. ఆయన ఆఖరి విందును తలచుకుంటూ ఒక రొట్టె ముక్క, బొటనవేలంత గాజు గిన్నెలో ద్రాక్షారసం పుచ్చుకుంటాం. ఆ రసం కాచే పని మా అమ్మది, ఆమె తర్వాత నాకు వచ్చింది. శనివారం మధ్యాహ్నం నల్ల ద్రాక్ష కడిగి, కొంచెం నీళ్ళు పోసి, తొక్క విడేదాకా ఉడికించి, తెల్ల గుడ్డలో వడగట్టి, చల్లార్చి గాజు జాడీలో పోస్తాను. కాయ దొరకని రోజుల్లో కిస్మిస్ నానబెడతాను. పులిసిన చుక్క బల్ల మీదికి రాకూడదని మా పెద్దల కట్టడి. సారా మానేసి ప్రభువు దగ్గరికి వచ్చినవాళ్ళు మా సంఘంలో ఎక్కువ. జూటు మిల్లు వాళ్ళు, హమాలీలు, లారీ డ్రైవర్లు. వాళ్ళ నాలుకకు ఒక్క చుక్క గుర్తొచ్చినా చాలు, ఇల్లు కూలిపోతుంది.

మా ఇల్లు అలా ఒకసారి కూలింది. మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. అప్పట్లో సాలూరు లారీలు తోలేవాడు. ఘాటు రోడ్డు ఎక్కేముందు ఒక సీసా, దిగాక ఒక సీసా. ఇంటికి వచ్చేది మనిషి కాదు, ఆ సీసాల్లో మిగిలింది. ఒక మధ్యాహ్నం అన్నం చల్లారిపోయిందని చెయ్యెత్తాడు. ఆనాటి నుంచి నా ఎడమ చెవికి మాటలు అందవు, హోరు ఒక్కటే వినబడుతుంది. తొమ్మిదేళ్ళ కింద ఆయన బాప్తిస్మం పొందాడు. అప్పటి నుంచి ముట్టలేదు. ఇప్పుడు కాలేజీ బస్సు తోలుతున్నాడు. బల్ల రోజు చిన్న గిన్నెలు నింపే పని మా పాస్టరు అయ్యగారు ఆయనకే అప్పగించారు. ఆ పళ్ళెం మోసేటప్పుడు ఆయన నడక చూడాలి. నిండు కుండ మోస్తున్నట్టు నడిచేవాడు.

నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివాను. ఇంటి దగ్గర కూర్చుని అనువాదాలు చేస్తాను. మందుల పెట్టెల్లో కాగితాలు, కుట్టు మిషన్ల పుస్తకాలు, ఏది పంపితే అది. కిందటేడు వచ్చిన పని వేరు. అమెరికాలో ద్రాక్ష తోటల ప్రాంతాలు, ఆ తోటల మధ్య కూర్చుని వైన్ తాగుతూ భోంచేసే రెస్టారెంట్లు, వాటి గురించి యాత్రికులకు చెప్పే రాత అది. ఫోను దాన్ని తెలుగులో చదివి వినిపిస్తుందట. తీసుకోవచ్చా అని ఒక రోజంతా ఆలోచించాను. నేను తాగడం లేదు, తాగించడం లేదు, మాటలు మోస్తున్నాను, అంతే కదా అనుకున్నాను. ప్రార్థన చేసుకునే మొదలుపెట్టాను. జవాబు కోసం మాత్రం ఆగలేదు.

మొదటి వాక్యంలోనే వైన్ అన్న మాట వచ్చింది. మా వైపు వైన్స్ అంటే క్వార్టరు సీసాలు అమ్మే దుకాణం. ముందు పచ్చ పరదా, కింద పల్లీల పొట్టు, గోడకు ఆనుకుని నిలబడిన మనుషులు. ఆ మాట నా చేత్తో రాయబుద్ధి కాలేదు. శుభ్రమైన మాట కావాలనిపించింది. నాకు తెలిసిన శుభ్రమైన మాట ఒక్కటే. ద్రాక్షారసం అని రాశాను.

అక్కడి నుంచి కలం ఆగలేదు. సీసా ఎంచి, తెరిచి, గ్లాసులో పోసే మనిషిని పానదాయకుడు అన్నాను, రాజు చేతికి గిన్నె అందించినవాడికి లేఖనాల్లో ఉన్న పేరు అదే. రసం తీసి పీపాల్లో పోసే చోటు ద్రాక్ష గానుగ అయింది. పది పేజీలు పూర్తయ్యేసరికి కాలిఫోర్నియా నా కాగితాల మీద వాగ్దాన దేశంలా తయారైంది. నాకు గర్వంగా కూడా ఉండేది.

నేను రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదువుకుంటాను. గుడిలో వాక్యం చదివేముందు ఇంట్లో చదివి చూసుకోవడం చిన్నప్పుడు అలవాటైంది. చెవి పోయాక ఇంకా గట్టిగా చదవడం అలవాటైంది. మధ్యాహ్నం బస్సు కాలేజీలో పెట్టి ఆయన భోజనానికి వచ్చేవాడు. తిన్నాక వరండాలో నులక మంచం మీద పడుకునేవాడు. నేను లోపల బల్ల దగ్గర కూర్చుని చదివేదాన్ని. ఆయన నిద్రపోతున్నాడనుకునేదాన్ని.

ఒక రోజు వరండాలోంచి గొంతు వచ్చింది. "ఒసే, ఆ ఊరి పేరేటన్నావు?"

"నాపా."

"అక్కడోల్లు మన సంఘపోల్లేనేటి?"

"నాకేటి తెలుసు బావా. ఎందుకు?"

"ద్రాక్షారసం, ద్రాక్షారసం అంటన్నావు కదా. అంతమంది ఇస్వాసులున్నారా అనుకున్నాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "సదువు మరి, ఆపీసినావేటి?" అన్నాడు.

చదివాను. పొద్దున్నే సముద్రం మీంచి మంచు లోయలోకి వచ్చి తోటల మీద పడుకుని, ఎండ ఎక్కాక వెనక్కి పోతుందని చదివాను. ఒరెగాన్‌లో వాన తడికి గుత్తులు ఆలస్యంగా పండుతాయని, న్యూయార్క్ వైపు లోతైన సరస్సులు చలికాలంలో తీగల్ని కాపాడతాయని చదివాను. తీగ పందిరి కింద పొడుగాటి బల్ల, తెల్ల గుడ్డ, నిప్పు మీద కాల్చిన చేప, దానికి సరిపడే ద్రాక్షారసాన్ని ఎంచి తెచ్చే పానదాయకుడు. రోజూ మధ్యాహ్నం ఆయన అడిగేవాడు, ఈవేళ ఏ ఊరు అని. అన్నం తొందరగా తినేసేవాడు. మొగుడు నా పనిని ఇంత శ్రద్ధగా వినడం నాకు కొత్త. సంతోషపడ్డాను. అది నిజం, దాచను.

తర్వాతి పేజీల్లో, తోటకు వెళ్ళినవాళ్ళు రుచి ఎలా చూడాలో ఉంది. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి. తెల్ల గుడ్డ మీద పెట్టి రంగు చూడాలి. మెల్లగా తిప్పాలి. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకోవాలి. చిన్న గుక్క తీసుకుని మింగకుండా నాలుక మీద నిలపాలి. ఈ ముక్క తెలుగులో బాగా కుదిరిందని రెండుసార్లు చదివాను.

ఆ మర్నాడు భోజనం దగ్గర ఆయన స్టీలు గ్లాసులో మంచినీళ్ళు తిప్పుతూ కనిపించాడు.

"ఏటది బావా?"

"ఏటీ లేదు. ఈగ పడ్డాదేమోనని."

నీళ్ళలో ఈగ లేదు.

ఆ నెల మొదటి ఆదివారం బల్ల దగ్గర నేను ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. అందరికీ ఇచ్చాక ఆయన తన గిన్నె తీసుకున్నాడు. నోటికి ఎత్తలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పక్కనున్నవాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని ఉంటారు. ఆయన చేస్తున్న ప్రతి పనికీ వాక్యం నా దగ్గర ఉంది. ఆ వాక్యాలు రాసింది నేను.

అప్పుడైనా ఆపవలసింది. గట్టిగా చదవడం మానేశాను, అంతే. ఆయన వరండాలోంచి "గొంతు పోనాదేటి?" అని అడిగాడు. జలుబు అన్నాను. మూడో రోజు మంచం మీంచి లేచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. "ఊరికే రాస్తే నీకు తప్పులెలా తెలుస్తాయే? సదువు," అన్నాడు. చదివాను. ఆ రోజు పేజీ సొనోమా వైపు పొగ గురించి. ఆ లోయల చుట్టుపక్కల అడవులు తగలబడతాయట. పొగ తోటల మీద నిలుస్తుంది. కాయ మీద మరక ఉండదు, తింటే తీపిగానే ఉంటుంది. రసం పులిసి సీసాలోకి వెళ్ళాక పొగ వాసన బయటపడుతుంది. ఒక్కోసారి చాలా నెలలకు బయటపడుతుంది. కోసినవాడికి తెలియదు.

ఆయన అంతా విని, "పైకి కనబడదన్నమాట," అన్నాడు. చొక్కా వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

అలాంటి సీసా ఒకటి మా ఇంటికి ఎలా వచ్చిందో చెబుతాను. కాలేజీకి ఎవరో అతిథి వచ్చారు. ఆయన్ని విశాఖపట్నం విమానానికి దింపడానికి మా ఆయనను కారిచ్చి పంపారు. దిగేటప్పుడు ఆ అతిథికి సంచిలో సీసా గుర్తొచ్చింది. చేతి సంచిలో పెట్టుకుంటే విమానం ఎక్కనివ్వరు. పారేయడం ఎందుకని డ్రైవరు చేతిలో పెట్టాడు.

నేను దాన్ని వంటింటి అలమారలో చూశాను. దాచలేదు. రసం కాచే గిన్నె, వడగట్టే గుడ్డ, బల్ల జాడీ ఉండే అరలోనే, జాడీ పక్కనే నిలబెట్టాడు. దాచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదేమో. పాత రోజుల్లో ఎక్కడెక్కడ దాచేవాడో నాకు తెలుసు. అలా దాచినప్పుడు అది తప్పని ఆయనకు తెలిసేది.

"బావా, ఇదేటి?"

"సూస్తే తెలీదేటి? ద్రాక్షారసం."

"పారబొయ్యి."

"బిరడా కూడా తియ్యలేదు కదే. తాగుతానన్నానేటి? ఉండనీ." మళ్ళీ తనే, "ఏ ఊరిదో సదువు," అన్నాడు.

ఇక్కడ నా రెండో తప్పు. సీసా పట్టుకుని వెనక్కి వెళ్ళి బిరడా తీసి కాలవలో పోయవలసిన చెయ్యి, దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది. కాగితం మీద రాయడమే గాని ఆ ఊళ్ళ వస్తువు ఒక్కటీ నేను కళ్ళతో చూడలేదు. చదవాలనిపించింది. "సొనోమా," అన్నాను.

"పొగూరు," అన్నాడు. పేజీలు గుర్తున్నాయి ఆయనకు.

సీసాను మళ్ళీ అరలో పెట్టాను. రెండు వారాలు అక్కడే ఉంది. రోజూ పొద్దున్న అలమార తీసి సీసా మట్టం చూసేదాన్ని. ఆయన బస్సుకు వెళ్ళాక ఒకసారి, వచ్చాక ఒకసారి. మట్టం తగ్గలేదు. బిరడా తీసే మర మా ఇంట్లో లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. పారబోస్తే ఆయనను నమ్మనట్టు అవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తొమ్మిదేళ్ళ మనిషిని నమ్మకపోతే ఎలా అని. ఆ రోజుల్లో ఆయన చాలా మంచిగా ఉన్నాడు. అన్నం చల్లగా ఉన్నా తిన్నాడు. పాట పాడుకుంటూ స్నానం చేశాడు. పాత రోజుల్లో కూడా మొదలెట్టబోయేముందు ఇలాగే మంచిగా ఉండేవాడు. అది నాకు గుర్తుంది. గుర్తు లేనట్టు ఊరుకున్నాను.

శనివారం ఎప్పటిలాగే రసం కాచి జాడీలో పోశాను. ఆదివారం పొద్దున్నే ఆయన తెల్ల చొక్కా వేసుకుని, జాడీని స్కూటరు ముందు కాళ్ళ మధ్య పెట్టుకుని, గిన్నెలు నింపాలని ముందుగా గుడికి వెళ్ళిపోయాడు. నేను వడగట్టిన గుడ్డ ఉతకడానికి అలమార తీశాను. జాడీ పక్క చోటు ఖాళీగా ఉంది. సీసా చెత్త బుట్టలో దొరికింది. లోపల చుక్క లేదు. బిరడా సీసా అడుగున పడి ఉంది. గట్టు మీద స్క్రూడ్రైవరు, దాని మొన ఊదాగా ఉంది.

తాగేశాడనుకున్నాను. ఆ క్షణం అదే అనుకున్నాను. కానీ వెళ్ళేటప్పుడు ఆయన నాతో దగ్గరగా మాట్లాడాడు, వాసన లేదు. మరి సీసాలోది ఏమైంది? జాడీ తీసేటప్పుడు ఎప్పటికన్నా బరువుగా ఎత్తాడని అప్పుడు గుర్తొచ్చింది. మెడ దాకా నిండి ఉంది. నేను అంత నింపను.

చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాను. దారిలో మొదటి గంట వినబడింది. కుడి చెవితో విన్నాను. గుడి పక్క గదిలోకి వెళ్ళేసరికి ఆయన రెండు పళ్ళేలు నింపేశాడు. మూడోది నింపుతున్నాడు. గదిలోకి అడుగు పెట్టగానే వాసన కొట్టింది. కాచిన ద్రాక్ష తీపి వాసన కింద ఇంకొకటి. ఆ రెండోది నాకు పాత పరిచయం.

"బావా, ఆ జాడీ ఇలాగియ్యి."

"ఏటయినాది?"

"ఆ సీసా ఇందులో పోసీసినావు."

కాదనలేదు. జాడీ కింద పెట్టాడు. "ద్రాక్షారసమే కదే. నువ్వే రాసినావు, నువ్వే సదివినావు. పెల్లింట్లో రాతి బానల్లో నీల్లని యేసయ్య ద్రాక్షారసం సేసినాడే, అది కిస్మిస్ నీల్లేటి?"

"అంత మంచిపనైతే నాకెందుకు సెప్పలేదు?"

ఆయన పళ్ళెం కేసి చూశాడు. "సెబితే పారబోస్తావని."

"బయట కూకున్నోల్లలో ఎంతమంది మానీసినోల్లో నీకు తెలీదేటి? పేరు పేరునా తెలుసు. వాల్ల నోట్లో పోస్తావా ఇది?"

"ఒక్క గిన్నె. ఇంతుంటాది." బొటనవేలు చూపించాడు. "బల్ల కాడైతే పాపం కాదు కదే."

అది వాదన కాదు, బతిమాలుకోవడం. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఒట్టు తప్పకుండా తాగడానికి ఈ లోకంలో చోటెక్కడుందా అని ఆయన ఇన్నాళ్ళూ వెతికాడు. ప్రభువు బల్ల దగ్గర దొరికింది. దారి చూపించిన దీపం నా చేతిలోది.

గదిలో నేల తుడిచే బకెట్టు ఉంది. జాడీ అందులో ఒంచాను. తర్వాత గిన్నెలు ఒక్కొక్కటే తీసి పోశాను. ఆయన అడ్డం రాలేదు. ప్రతి గిన్నె వెంటా ఆయన కళ్ళు బకెట్టులోకి వెళ్ళి వచ్చాయి. సగంలో ఉండగా అయ్యగారు లోపలికి వచ్చారు. ఒక గిన్నె తీసి వాసన చూశారు.

"ఎంతమంది పుచ్చుకున్నారమ్మా?"

"ఇంకా ఎవరూ పుచ్చుకోలేదు అయ్యగారూ."

అయ్యగారు మా ఆయన వైపు చూడలేదు. నా వైపే చూశారు. "ఇది ద్రాక్షారసమేనన్న మాట ఈయనకి ఎక్కడ దొరికింది?"

"నా దగ్గరే," అన్నాను.

ఆ పూట బల్ల జరగలేదు. రసం చెడిపోయిందని అయ్యగారు సంఘానికి చెప్పారు. అందులో అబద్ధం లేదు. బకెట్టు ప్రహరీ పక్కన పారబోశాను. ఆరాధన అయ్యి బయటికి వచ్చేసరికి అక్కడ చీమలు నల్లగా పట్టి ఉన్నాయి. మా అమ్మ ఈడు ముసలమ్మ ఒకామె నా మోచెయ్యి పట్టుకుంది.

"మాడబెట్టీసినావేటే? మీ యమ్మ ఒక్కపాలీ పాడుసెయ్యలేదు."

"అవును పెద్దమ్మా, మాడిపోనాది," అన్నాను.

ఇంటికి వచ్చాక ఆ పని మొత్తం ముందు పెట్టుకుని ద్రాక్షారసం ఉన్న ప్రతి చోటా మద్యం అని మార్చాను. పానదాయకుణ్ణి కొట్టేసి మద్యం పోసేవాడు అని రాశాను. మార్చిన పేజీలు వరండాకు వినబడేలా గట్టిగా చదివాను. తీగ పందిరి కింద, తెల్ల గుడ్డ పరచిన బల్ల మీద మద్యం. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. పని పంపినవాళ్ళు మూడో రోజు జవాబు రాశారు. మార్పులు వద్దు, మొదటి మాటే చెవికి ఇంపుగా ఉంది, అదే ఉంచుతున్నాం అని. ఆ తర్వాత వాళ్ళ దగ్గర పని తీసుకోలేదు. కానీ ఆ మాట ఇప్పుడు ఎవరెవరి ఫోనుల్లో, ఎవరి వరండాల్లో పలుకుతోందో నాకు తెలియదు.

గిన్నెలు నింపే పని అయ్యగారు వేరే ఆయనకు ఇచ్చారు. మా ఆయన ఆ రోజు నుంచి తాగలేదు. నేను చూస్తూనే ఉన్నాను, వాసన చూస్తూనే ఉన్నాను. కిందటి వారం మధ్యాహ్నం అన్నం పెడుతూ, ఇన్నాళ్ళూ నోట్లో నానుతున్న ప్రశ్న అడిగేశాను.

"ఆ రోజు బిరడా తోసినప్పుడు నువ్వు తాగినావా?"

అబద్ధం ఆడలేదు. "వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. అంతే."

"ఎలగున్నాది?"

చాలాసేపు అన్నం కలుపుతూ ఉన్నాడు. "నువ్వు సదివినట్టు లేదు. పులుపు. కొంచెం పొగ."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆయన తలెత్తి, చిన్నపిల్లాడు జ్వరం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"బాగోలేదే. గాని గుర్తొస్తన్నాది. రోజూ."

ఆ రోజు అన్నం వేడిగానే ఉంది. అయినా నేను నా ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నానని కాసేపటికి తెలిసింది.

వచ్చే ఆదివారం మళ్ళీ బల్ల. శనివారం నేను రసం కాస్తాను. జాడీ ఈసారి నేనే మోసుకెళ్తాను. ఆయన వరసలో కూర్చుని గిన్నె అందుకుంటాడు. అది పెదవి దగ్గరికి వెళుతుందో, ముక్కు దగ్గర ఆగుతుందో నేను ఇటు నుంచి చూస్తాను. ఇది చదువుతున్న మీరు ఎవరైనా, ఎక్కడున్నా, ఆ ఆదివారం వచ్చేలోగా ఒక్కసారి కళ్ళు మూసుకోండి. తండ్రీ, ఆ మనిషి నాలుక మీది జ్ఞాపకాన్ని నీ చేత్తో తుడిచెయ్యి అని నాతో కలిసి అడగండి. నీ బల్ల మీది మాటను తీసి దుకాణం మెట్ల మీద పెట్టిన ఆమె నోటికి కావలి పెట్టు అని కూడా అడగండి. ఆమెన్.